చక్కెర అదే, టీకా పనితీరు వేరెందుకు?

రెండు టైఫాయిడ్ టీకాల్లోనూ ఉండేది టైఫాయిడ్ బాక్టీరియా పైపొరలోని వీఐ అనే చక్కెరే. తేడా చక్కెరలో లేదు, కొత్త టీకాలో దానికి అతికించిన ప్రోటీన్‌లో ఉంది. ఉత్త చక్కెరతో చేసిన పాత వీఐ టీకాను రెండేళ్లలోపు పిల్లలకు ఇవ్వరు, మన హైదరాబాద్‌లో భారత్ బయోటెక్ తయారుచేసే టైప్‌బార్ టీసీవీని (చక్కెరకు ప్రోటీన్ అతికించిన టైఫాయిడ్ టీకా) మాత్రం 6 నెలలకే ఇస్తారు, ఎందుకని అడిగారు.

1. బీ కణం (యాంటీబాడీలు తయారుచేసే రోగనిరోధక కణం) చక్కెరను పట్టుకుంటుంది.

2. చాలామంది వదిలేసే మెట్టు ఇదే. పట్టుకున్నదాన్ని బీ కణం మింగి, ముక్కలు చేసి, ప్రోటీన్ ముక్కను ఎంహెచ్‌సీ-2 (కణం ఉపరితలం మీద ముక్కలను చూపే అణువు) మీద పెట్టి సహాయక టీ కణానికి (బీ కణానికి సాయపడే మరో రోగనిరోధక కణం) చూపాలి. ఉత్త చక్కెరలో చూపడానికి ప్రోటీనే లేదు! అందుకే టీ కణం సాయం రాదు, ఆ సాయం లేకుండా రెండేళ్లలోపు పిల్లలు చక్కెరకు సరిగా స్పందించలేరు. టీసీవీలో టెటనస్ టాక్సాయిడ్ (విషగుణం తీసేసిన ధనుర్వాత ప్రోటీన్) చక్కెరకు అతుక్కుని, దానితోపాటే లోపలికి వెళ్తుంది. బీ కణం గుర్తించేది చక్కెరను, టీ కణం గుర్తించేది ప్రోటీన్ ముక్కను. రెండూ కలిసే ఉండాలి. అతికించకుండా ఊరికే కలిపి ఇస్తే ఈ సాయం అందదు.

3. టీ కణం సీడీ40 లైగాండ్, ఐఎల్-21 అనే సంకేతాలతో అనుమతిస్తే జెర్మినల్ సెంటర్ (లింఫ్ గ్రంథిలో బీ కణాలు పెరిగి మెరుగుపడే చోటు) ఏర్పడుతుంది. చక్కెరను గుర్తుంచుకునే జ్ఞాపక బీ కణాలు ఎక్కువగా అక్కడే పుడతాయి.