కెమెరా ఆపేసినవాడి మీదే అనుమానం

తమ్ముడూ,

ఇంటింటా కెమెరాలు పెట్టించే కంపెనీ మీద నువ్వు రాసిన సినిమా స్క్రిప్టు ఇంటర్వెల్ దాకా ఏకబిగిన చదివాను. అక్కణ్ణుంచి నీతో నాకు పేచీ మొదలైంది. ఫోన్లో చెబితే "సరే అన్నా" అనేసి ఊరుకుంటావని ఉత్తరం రాస్తున్నాను.

ముందు నీ విలన్ సంగతి. వాడు కనబడిన మొదటి సీన్లోనే దుర్మార్గుడని తెలిసిపోతోంది. మసక వెలుతురు, వెటకారపు నవ్వు, లోకమంతా నా గుప్పిట్లో ఉందనే ధోరణి. అలాంటివాడు వచ్చి అడిగితే ఇంట్లో కెమెరా ఎవరు పెట్టనిస్తారు? నీ కథలో ఊరూవాడా పెట్టించుకుంది. ఎందుకు పెట్టించుకున్నారో ఒక్క పేజీలో కూడా లేదు. జనాన్ని భయపెట్టి ఒప్పించారని రాస్తే అది నియంతల కథ అవుతుంది. నువ్వు రాయాలనుకున్నది అది కాదు కదా. జనం సంతోషంగా, పిల్లల క్షేమం కోసం, అమ్మానాన్నల ఆరోగ్యం కోసం సంతకం పెట్టే కథ నీది.

'ది సర్కిల్' చూశావా? డేవ్ ఎగర్స్ 2013లో రాసిన నవల ఆధారంగా 2017లో వచ్చిన సినిమా, అందరి జీవితాలూ అందరికీ కనబడాలనే ఓ టెక్ కంపెనీ కథ. గొప్ప సినిమా అనను, విమర్శకులు కూడా పెద్దగా మెచ్చుకోలేదు. కానీ నీ అవసరానికి బాగా పనికొస్తుంది, అందులో కుదిరినవీ కుదరనివీ రెండూ. ఆ కంపెనీ అధినేత పాత్రకి టామ్ హ్యాంక్స్‌ని తీసుకున్నారు. చూడగానే నమ్మబుద్ధయ్యే మనిషి. సగం పని అక్కడే అయిపోయింది.

మిగతా సగం పడవ సీన్ చేస్తుంది. ఆ కంపెనీలో పనిచేసే హీరోయిన్, పేరు మే, రాత్రిపూట ఒంటరిగా కయాక్ అనే చిన్న పడవ వేసుకుని నీళ్ళలోకి వెళ్తుంది. పడవ తిరగబడుతుంది. అక్కడక్కడా అమర్చిన చిన్న కెమెరాల పుణ్యమా అని ప్రాణాలతో బయటపడుతుంది. ఆ తర్వాతే ఆమె తన బతుకంతా లోకం ముందు పరిచేయడానికి ఒప్పుకుంటుంది. 'నన్ను ఎవరూ చూడకపోయుంటే చచ్చిపోయేదాన్ని' అనే మనిషికి ఏం జవాబు చెబుతావు? నీ హీరో దగ్గర జవాబు ఉందా? నాకైతే కనబడలేదు. 'ప్రైవసీ నా హక్కు' అని మూడు చోట్ల అరిచాడు, అంతే.

నవలలో ఇంకా గట్టి వాదన ఒకటుంది. ఆ కంపెనీ అధినేత కొడుక్కి సెరిబ్రల్ పాల్సీ. కొండ ఎక్కలేని పిల్లాడు ఇంకెవరో తీసిన వీడియోలో ఆ కొండ ఎక్కి సంబరపడతాడు. అలాంటప్పుడు నువ్వు చూసింది నీ దగ్గరే దాచుకోవడం వాడి సొత్తు కాజేయడం కాదా అని తండ్రి వాదిస్తాడు. ప్రైవసీ అంటే దొంగతనం అనే నినాదం అలా ప్రేమలోంచి పుడుతుంది. నీ విలన్ నోట ఒక్క మాటైనా ఈ స్థాయిలో రావాలి. చదువుతుంటే "వీడన్నది నిజమే కదా" అని నీకే కాసేపు అనిపించాలి. అలా అనిపించకపోతే ఆ సీన్ మళ్ళీ రాయి.

ఇక నీ క్లైమాక్స్. కంపెనీ అధినేత రహస్య మెయిల్స్ బయటపెట్టి హీరో గెలిచాడు. 'ది సర్కిల్' సినిమా కూడా దాదాపు ఇదే చేసింది, నా దృష్టిలో అక్కడే దెబ్బతింది. ఆలోచించు. పెద్దమనిషి తన గుట్టు దాచుకుని మన గుట్టు విప్పాడు కాబట్టి తప్పు అంటున్నావు. మరి అతను కూడా నిజాయితీగా అన్నీ విప్పేసి ఉంటే? అప్పుడు అంతా బాగున్నట్టేనా? నీ కథ కపటం మీద గెలిచింది, అసలు ప్రశ్న జోలికే పోలేదు. నీ విలన్ని నిజాయితీపరుణ్ణి చెయ్యి. తన పడగ్గదిలో కూడా కెమెరా పెట్టుకున్నవాణ్ణి చెయ్యి. అప్పుడు హీరో ఏం పట్టుకుని కొడతాడో చూద్దాం.

ఎగర్స్ నవల ముగింపు వేరు. అందులో మే తిరగబడదు. ఈ వ్యవస్థని ఆపాలని చూసినవాణ్ణే పట్టిస్తుంది. చివరికి కోమాలో ఉన్న స్నేహితురాలి మంచం పక్కన కూర్చుని, ఆమె తలలో ఏం నడుస్తోందో తనకి తెలియకపోవడం అన్యాయమనుకుంటుంది. నీ డ్రోన్ల ఛేజ్ కంటే నాకు ఆ పేజీకే ఎక్కువ భయమేసింది.

డ్రోన్లంటే గుర్తొచ్చింది, నీ ఛేజ్ మొత్తం తీసెయ్. ఆ సినిమాలో మే పాత స్నేహితుడు మెర్సర్ చావు అచ్చం అలాగే ఉంటుంది. నువ్వు చూడకుండా రాసినా చూసి రాశావంటారు. ఆ ట్రాక్‌లో నేర్చుకోవాల్సింది ఛేజ్ కాదు, దాని మొదలు. జింక కొమ్ములతో దీపాల గుత్తులు చేసుకునే కుర్రాడు అతను. మే ముచ్చటపడి ఆ ఫోటో నలుగురికీ చూపించింది. దాంతో 'జింకల్ని చంపేవాడు' అని బెదిరింపులు మొదలయ్యాయి. ఇందులో శత్రువెవరూ లేరు. మెచ్చుకోలే ముంచింది. మే తల్లిదండ్రుల ఏకాంతం కూడా ఇలాగే లోకం కళ్ళబడుతుంది. ఒప్పుకున్నది కూతురు, సిగ్గుతో తలదించుకున్నది వాళ్ళు. నా జీవితం నా ఇష్టం అనేవాళ్ళకి ఇదొక్కటే చాలు. ఒకరి జీవితం తెరిస్తే పక్కవాళ్ళ తలుపు కూడా తెరుచుకుంటుంది. నీ కథలో హీరో చెల్లెలికి పని లేదని నువ్వే అన్నావు, ఆమెకి ఈ పని అప్పగించు.

అలాగని ఓపెన్‌నెస్ మొత్తాన్నీ తిట్టకు. నీ హీరో జర్నలిస్టు, మర్చిపోయావా? ప్రభుత్వ కాగితాలు జనం చూడొచ్చని స్వీడన్ 1766లోనే చట్టం చేసింది. అలాంటి చట్టాల మీదే కదా ఇతని వృత్తి నిలబడేది. మరోవైపు 1890లో వారెన్, బ్రాండైస్ అనే ఇద్దరు అమెరికన్ లాయర్లు ప్రైవసీ హక్కు మీద పేరుమోసిన వ్యాసం రాసినప్పుడు వాళ్ళు వేలెత్తి చూపింది అప్పుడే వచ్చిన స్నాప్‌షాట్ ఫోటోలనీ, పత్రికలనీ. అంటే నీ హీరో జాతినే! ఊరందరి గుట్టూ రాసి బతికేవాడివి, నీ తలుపు మాత్రం ఎందుకు మూసుకుంటావని విలన్ అడగాలి. హీరో తడుముకోవాలి. అధికారం ఉన్నవాడి ఫైలూ, లేనివాడి పడగ్గదీ ఒకటి కావని అతనికి మెల్లగా తెలిసిరావాలి. డైలాగులో మాత్రం చెప్పించకు, దండం పెడతాను.

టెక్నాలజీ గురించి నువ్వు అనవసరంగా టెన్షన్ పడుతున్నావు. గాజు గోడల ఇళ్ళలో మనుషులుండి, అనుమతి చీటీ చూపించిన గంటసేపు మాత్రమే తెర దించుకునే లోకాన్ని రష్యన్ రచయిత జమ్యాతిన్ 1920ల మొదట్లోనే రాసేశాడు. అందుకని కొత్త గాడ్జెట్ కనిపెట్టడం మీద పేజీలు తగలెయ్యకు. జనం చేతిలో ఇప్పటికే ఉన్న ఫోన్ చాలు.

చాలని ఎందుకంటున్నానో చిన్న సీన్‌గా చెప్తాను, కావాలంటే వాడుకో. ఇంట్లో నలుగురూ లొకేషన్ షేర్ చేసుకుంటారు. బలవంతమేమీ లేదు, ఎవరికి వాళ్ళు ఆన్ చేసుకున్నదే. ఒకరోజు సాయంత్రం పెద్దమ్మాయి గంటసేపు ఆపేసింది. రాత్రి భోజనాల దగ్గర ఎవరూ ఏమీ అడగలేదు. తల్లి మాత్రం కూర వడ్డిస్తూ, "ఛార్జింగ్ అయిపోయిందా?" అంది. "ఆఁ, అయిపోయింది" అంది అమ్మాయి. ఆ యాప్‌లో ఎవరి ఫోన్లో బ్యాటరీ ఎంతుందో కూడా కనబడుతుంది. ఆపేసే ముందు ఎంతుందో తల్లి చూసింది. తల్లి చూసే ఉంటుందని కూతురికీ తెలుసు. ఇద్దరూ తింటున్నారు.

ఇందులో విలన్ లేడు, కంపెనీ లేదు, కెమెరా కూడా లేదు. అందరూ తెరిచిపెట్టుకున్న చోట మూసుకున్నదే నేరంలా కనబడుతుంది, అంతే. ఈ సీన్ ఇంటర్వెల్‌కి ముందు పడితే, సెకండాఫ్‌లో కంపెనీ ఏం చేసినా జనం నమ్ముతారు.

ఆ గంటసేపు ఆమె ఎక్కడికెళ్ళిందో మాత్రం సినిమా అయ్యేలోపు చెప్పకు. ప్రేక్షకుడికి తెలుసుకోవాలని దురద పుడుతుంది, పుట్టనీ. నిర్మాత తప్పకుండా అడుగుతాడు, ప్రేమికుడి దగ్గరికా, డాక్టర్ దగ్గరికా, ఏదో ఒకటి తేల్చమంటాడు. అక్కడ పట్టు విడవకు. కావాలంటే నీ నోట్‌బుక్కులో రాసుకో, స్క్రిప్టులో వద్దు.

చెల్లెలి ట్రాక్, విలన్ మొదటి సీన్, ఈ రెండూ ముందు తిరగరాసి పంపు. క్లైమాక్స్ ఆ తర్వాత చూద్దాం. నీ డైలాగుల్లో ఇంగ్లీషు ఎక్కువైందని నాకేం అభ్యంతరం లేదు గానీ, ముసలాయన పాత్ర కూడా నీలాగే మాట్లాడుతోంది, అది సరిచెయ్.

ప్రేమతో,
అన్నయ్య