రాగిపిండి తెచ్చుకున్నారు సరే, ఎండ మాటేమిటి?

పలమనేరు నుంచి మాంచెస్టర్ వచ్చిన ఒక అమ్మాయి ప్రశ్న ఇది. “అక్కా, సెప్టెంబరులో వచ్చాను. గర్భవతిని, ప్రసవానికి అమ్మ డిసెంబరులో వస్తోంది. నెల రోజులుగా తొడలు, నడుము ఒకటే నొప్పి. ఊరి నుంచి పది కిలోల రాగిపిండి తెచ్చుకున్నాను, రోజూ సంగటి తింటున్నాను. ఇక కాల్షియం తక్కువయ్యే అవకాశం లేదు కదా?”

చెల్లెమ్మా, సంగటి మానవద్దు. నూరు గ్రాముల రాగుల్లో 340 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది, బియ్యంలో అందులో పదో వంతు కూడా ఉండదు. కానీ తిన్న కాల్షియం పేగుల నుంచి రక్తంలోకి సరిగా చేరాలంటే విటమిన్ డి ఉండాలి. మీకు కొరతపడింది బహుశా అదే.

తిరుపతి భూమధ్యరేఖకు 13 డిగ్రీల పైన ఉంటే మాంచెస్టర్ 53 డిగ్రీల పైన ఉంది. ఇక్కడ అక్టోబరు నుంచి మార్చి మొదటి రోజుల దాకా ఎండ కాసినా, మన చర్మం విటమిన్ డి తయారు చేసుకునే కిరణాలు అందులో తగినంత ఉండవు. మన మేనిఛాయకు తెల్లవారికంటే ఎక్కువసేపు ఎండ కావాలి. కిటికీ అద్దం వెనక కూర్చుంటే వేసవిలోనూ లాభం లేదు.

గుండెకూ కండరాలకూ కాల్షియం క్షణం కూడా ఆగకూడదు. రక్తంలో అది తగ్గితే శరీరం ఎముకల్లో దాచిన దాన్ని కరిగించి తీసుకుంటుంది. ఒంట్లోని కాల్షియంలో 99 శాతం ఎముకల్లో, పళ్లలోనే ఉంది మరి. ఎముక రాయి కాదు. పాతది అరుగుతూ, కొత్తది పోసుకుంటూ జీవితమంతా మారుతూనే ఉంటుంది. కొత్తగా పోసుకున్నదానికి ఖనిజం అందకపోతే అది మెత్తగా మిగిలిపోతుంది, కండరాలు కూడా నీరసిస్తాయి. అలిపిరి నుంచి కొండకు 3,550 మెట్లు ఎక్కినదాన్ని, ఇక్కడి రెండో చలికాలంలో మా ఇంటి మెట్లు గోడ పట్టుకుని ఎక్కాను. వయసు అనుకున్నాను. రక్తపరీక్ష చేస్తే విటమిన్ డి లోటని తేలింది.

మీరూ డాక్టరుకు చెప్పి ఆ పరీక్ష చేయించుకోండి. లోటు లేకపోయినా చలి నెలల్లో పెద్దలకు రోజుకు 10 మైక్రోగ్రాముల విటమిన్ డి, అంటే 400 యూనిట్లు తీసుకోమని ఇక్కడి ప్రభుత్వ సలహా. మన చర్మపు రంగు వారికి ఏడాది పొడవునా మంచిదంటారు. ఒక్క విషయం గట్టిగా చెబుతాను. ఊరి నుంచి తెచ్చుకునే 60,000 యూనిట్ల పొట్లాలను డాక్టరు చెప్పకుండా వాడవద్దు. వారానికి ఒకటి వేసుకోవాల్సింది రోజూ వేసుకుని కిడ్నీల మీదికి తెచ్చుకున్నవారు ఉన్నారు.

మందుతో పాటు నడవండి. బరువు పడితేనే ఎముక గట్టిపడుతుంది. ముప్పై ఏళ్లు వచ్చేసరికి ఎముక దాని నిండుదనానికి చేరుతుంది, మీకింకా వ్యవధి ఉంది.

మీ ప్రసవానికి అమ్మగారు డిసెంబరులో వస్తున్నారన్నారు. ముట్లుడిగాక ఆడవారి ఎముక త్వరగా పలచబడుతుంది. బయలుదేరే ముందే అక్కడి ఎముకల డాక్టరుకు చూపించి, అవసరమంటే ఎముక ఎంత గట్టిగా ఉందో కొలిచే డెక్సా స్కాన్ చేయించండి. చెప్పులతో మంచు మీద అడుగు పెట్టనివ్వకండి. పట్టున్న బూట్లు ముందే కొని గుమ్మంలో ఉంచండి. పుట్టబోయే బిడ్డకు విటమిన్ డి చుక్కల గురించి ఇప్పుడే మంత్రసాని నర్సును అడగండి, తల్లిపాల బిడ్డకు పుట్టినప్పటి నుంచీ అవి కావాలి.