గరాజ్‌ని గది చేసే ముందు

అమ్మలూ,

మామయ్య ఆశీస్సులు. "లోపలి పనే కదా, పర్మిట్ అక్కర్లేదు" అని కాంట్రాక్టర్ అన్నాడని నిన్న ఫోన్లో చెప్పావు. అప్పటినుంచి నాకు మనసు కుదురుగా లేదు. మీ అమ్మ మెట్లు ఎక్కలేదు, కింద గది కావాలి, నిజమే. గరాజ్‌ని గదిగా మార్చడం మంచి ఆలోచనే. కానీ సిటీ ఇచ్చే పర్మిట్ చేతికొచ్చేదాకా పని మొదలుపెట్టనివ్వకు.

మేం కాలిఫోర్నియాలో మొదట కొన్న ఇంట్లో గరాజ్‌ని పాత ఓనర్లే పడకగది చేసేశారు. ఎలా చేశారని మేం అడగలేదు. అమ్మేటప్పుడు, పర్మిట్ లేని పనులేమైనా ఉన్నాయా అని డిస్‌క్లోజర్ ఫారంలో (ఇంటి లోపాలు కొనేవాళ్లకి చెప్పే కాగితం) అడిగారు. దాచకూడదు కదా, ఉన్నదే రాశాం. లోపలేముందో చూపించాలంటే డ్రైవాల్ (గోడకి కొట్టే జిప్సం పలకలు) విప్పాల్సి వచ్చింది. విప్పితే, మామూలు ఎక్స్‌టెన్షన్ వైరుని గోడలోంచి లాగి ప్లగ్ పాయింట్లు ఇచ్చారు. మా అబ్బాయి మూడేళ్లు ఆ గోడ పక్కనే పడుకున్నాడు. ఖర్చు సంగతి మర్చిపోయాను గానీ, ఆ వైరు ఇప్పటికీ కళ్లముందే ఉంది.

అందుకే, డిజైన్ కంటే ముందు శాన్ హోజే సిటీ పర్మిట్ సెంటర్‌ని ఒకటి అడుగు: ఇది ఇంటికి కలిసిన గదా, లేక వంటిల్లు, బాత్రూం, విడిగా గుమ్మం ఉన్న చిన్న ఇల్లా? రెండోదాన్ని ఏడీయూ అంటారు. రెండింటికీ నియమాలు వేరు. గరాజ్‌ని ఏడీయూగా మారిస్తే, పోయిన పార్కింగ్‌కి బదులు చూపించమని సిటీ అడగకూడదని రాష్ట్ర చట్టం. 750 చదరపు అడుగులలోపు ఏడీయూకి ఇంపాక్ట్ ఫీజు (రోడ్లు, పార్కుల వంటి వాటికోసం కొత్త కట్టడాల మీద వేసే రుసుము) ఉండదు. రెండు కార్ల గరాజ్ సాధారణంగా 400 చదరపు అడుగుల దగ్గర ఉంటుంది. కాగితాలన్నీ సరిగ్గా ఇస్తే 60 రోజుల్లో సిటీ ఏదో ఒకటి తేల్చాలి. ఏడీయూ కట్టుకోవద్దని హెచ్‌ఓఏ (కాలనీ ఇళ్ల ఓనర్ల సంఘం) కూడా అడ్డుపడకూడదు, అయినా వాళ్ల డిజైన్ నియమాలు ముందే చదువుకో. ఉత్త పడకగదిగా మారిస్తే మాత్రం పార్కింగ్ సంగతి సిటీనే అడిగి తెలుసుకో. మీ అమ్మకి వేరే వంటిల్లు ఎందుకు అనుకుంటావేమో, కానీ ఈ తేడా తెలుసుకున్నాకే నిర్ణయించుకో.

సగం గరాజ్ కారుకి, సగం గదికి అన్నావు. కారున్న భాగంలోంచి పడకగదిలోకి నేరుగా తలుపు పెట్టకూడదు. కారు పొగ, పెట్రోల్ వాసన నిద్రపోయే మనిషి దగ్గరికి రాకూడదు కదా. మధ్య గోడకి కూడా మంటని ఆపే డ్రైవాల్ వేయాలి. మీ గరాజ్‌లో గ్యాస్ వాటర్ హీటర్ ఉంది, చూశాను. దాన్ని పడకగదిలో అలాగే వదిలేయడానికి ఒప్పుకోరు. బయటికి జరపాలి, లేదా ఎలక్ట్రిక్ హీటర్‌కి మారాలి. కరెంటు ప్యానెల్ ముందు 36 అంగుళాల ఖాళీ ఉండాలి, అది బాత్రూంలోకో బట్టల అల్మారాలోకో పోకూడదు. ఖర్చు పెరిగేది ఈ రెండింటి దగ్గరే. కాంట్రాక్టర్ చెప్పిన అంకెలో ఇవి ఉన్నాయో లేదో అడుగు.

కిటికీ సంగతి ప్రాణానికి సంబంధించింది. పడకగదిలో మంటలు వస్తే మనిషి కిటికీలోంచి బయటపడగలగాలి: తెరిచిన ఖాళీ 5.7 చదరపు అడుగులు (నేలమట్టం గదికి 5 చాలు), కిటికీ కింది అంచు నేలనుంచి 44 అంగుళాలకి మించకూడదు. మీ అమ్మ మోకాళ్లకి ఇంకా కిందికి ఉంటేనే మేలు. గరాజ్ నేల ఇంటి నేలకంటే కిందికి ఉంటుంది, నీళ్లు పోవడానికి తలుపు వైపు వాలు కూడా ఉంటుంది. దాన్ని లేపి ఇంటి నేలతో సమం చేయించు, గుమ్మం దగ్గర మెట్టు మిగలకూడదు. కాంక్రీట్ మీద తేమ రాకుండా షీట్ వేయించు. లేపాక సీలింగ్ ఎత్తు 7 అడుగులకి తగ్గకూడదు, కాబట్టి ముందే కొలవాలి. పొగ అలారం, కార్బన్ మోనాక్సైడ్ అలారం ఎలాగూ పెట్టాలి.

కాంట్రాక్టర్ లైసెన్స్ నంబర్‌ని రాష్ట్ర లైసెన్స్ బోర్డు సైట్‌లో చూడు. ఇంటి పనులకి అడ్వాన్స్‌గా మొత్తంలో 10 శాతం గానీ 1,000 డాలర్లు గానీ, ఏది తక్కువైతే అంతే తీసుకోవాలి. అంతకంటే అడిగితే వాడిని వదిలెయ్. "పర్మిట్ మీ పేరున మీరే తీయండి" అన్నా ఒప్పుకోకు. అలా తీస్తే ఓనర్-బిల్డర్‌వి నువ్వే అవుతావు, పనివాళ్లకి దెబ్బ తగిలినా, పని చెడినా నీ మీదికే వస్తుంది. గోడలు మూసేముందు వైర్లు, పైపులు ఇన్‌స్పెక్టర్ చూడాలి. ఆరోజు నువ్వు ఇంట్లో ఉండు.

ఇన్సూరెన్స్ వాళ్లకీ ఒక మాట చెప్పు.

తెనాలి నుంచి అమ్మావాళ్లకి టికెట్లు ఫైనల్ ఇన్‌స్పెక్షన్ అయ్యాకే కొను. అమ్మ తొందరపెడితే నాకు ఫోన్ చెయ్యమను, నేను చెబుతాను. హీటర్‌వి, ప్యానెల్‌వి, గరాజ్ నేలవి ఫోటోలు రేపు పంపు. శనివారం పొద్దున్నే టేపు తీసుకుని వస్తాను.

మీ మామయ్య