పెల్విస్ అనాటమీ బొమ్మలో అర్థమవుతుంది, స్క్రీన్ మీద ఎందుకు కాదు?

మీ ప్రశ్న చదవగానే నేను నేర్చుకున్న తొలి నెలలు గుర్తొచ్చాయి. యూటరస్ (గర్భాశయం), ఓవరీలు (అండాశయాలు), ట్యూబులు (అండవాహికలు) కాగితం మీద కళ్లు మూసుకుని గీయగలరు, అల్ట్రాసౌండ్ ప్రోబ్ (ఒంటి మీద పెట్టి చూసే పరికరం) పెట్టగానే మాత్రం అంతా బూడిద రంగు మచ్చల్లా కనిపిస్తోంది, అనాటమీ మళ్లీ మొదటి నుంచి చదవాలా అని అడిగారు. అక్కర్లేదు. మీరు నేర్చుకున్నది తప్పు కాదు, నేర్చుకున్న కోణం వేరు.

పుస్తకంలో ఉండే ఆ బొమ్మ ఒకసారి గుర్తు తెచ్చుకోండి. మధ్యలో యూటరస్, రెండు చేతులూ బార్లా చాపినట్టు ట్యూబులు, వాటి కింద ఓవరీలు. ఎదురుగా నిలబడి చూస్తున్నట్టు, అన్నిటినీ బల్ల మీద పరిచినట్టు గీసిన బొమ్మ అది. ఒంట్లో అలా ఉండదు. చాలామందిలో యూటరస్ బ్లాడర్ (మూత్రాశయం) మీదకు వంగి ఉంటుంది. ఓవరీలు వెనక్కి జరిగి పెల్విస్ పక్క గోడకు ఆనుకుని ఉంటాయి. 10 నుంచి 12 సెంటీమీటర్ల పొడవుండే ట్యూబు మామూలుగా ఉన్నంతకాలం స్కాన్‌లో దాదాపు కనిపించదు. దాని లోపలో చుట్టూనో నీరు చేరితే బయటపడుతుంది. యూటరస్‌ని పక్క గోడలకు కలిపే పొర, బ్రాడ్ లిగమెంటూ అంతే. అంటే మీరు అంత కష్టపడి గీసిన దాంట్లో సగం స్క్రీన్ మీదకే రాదు. పైగా మామూలు టూడీ స్కాన్‌లో ఆ ఎదుటి కోణం దొరకడం చాలా అరుదు. పొట్ట మీద నుంచి చేసేటప్పుడు మన చేతికి వచ్చేవి నిలువు కోత, అడ్డకోత, ఈ రెండే.

నాకు దారి చూపించింది మా సీనియర్ మేడమ్ అడిగే ఒక ప్రశ్న. నేను స్క్రీన్ మీద వేలు పెట్టి "ఇది ఓవరీ" అంటే ఆవిడ అవునని కానీ కాదని కానీ అనేవారు కాదు. "దాని పక్కన ఏముంది?" అనేవారు. మొదట్లో చిరాకేసేది. తర్వాత తెలిసింది, పెల్విస్‌లో దేన్నైనా దాని ముఖం చూసి కాదు, ఇరుగుపొరుగును చూసి గుర్తుపట్టాలి. ఓవరీలా కనిపించేవి నాలుగైదు ఉంటాయి. ఓవరీ ఉండాల్సిన చోట ఉండేది మాత్రం ఒక్కటే.

కాబట్టి ముందు ఒక్క బొమ్మ మీద దృష్టి పెట్టండి, నిలువు మధ్యకోత. ప్యూబిక్ ఎముకకు కాస్త పైన, సరిగ్గా మధ్యలో ప్రోబ్ నిలువుగా పెట్టారు. స్క్రీన్‌కి ఎడమ పక్క పేషెంట్ తల, కుడి పక్క కాళ్లు. పై నుంచి కిందికి వస్తే చర్మం, కొవ్వు, పొట్ట కండరం, ఆ తర్వాత నల్లగా బ్లాడర్. బ్లాడర్ వెనక యూటరస్, యూటరస్ వెనక రెక్టమ్ (మలాశయం), పేగులు. యూటరస్ ఫండస్ (పై కొస) ఎడమ వైపు, సర్విక్స్ (గర్భాశయ ముఖద్వారం) కుడి వైపు. సర్విక్స్ నుంచి ఇంకా కుడికి, బ్లాడర్ కింది అంచు వెంబడి వెళ్తే, రెండు ముదురు గోడల మధ్య ఒక తెల్లటి గీత కనిపిస్తుంది. అదే యోని. నేను ఇప్పటికీ మొదట వెతికేది ఆ గీతనే. అది దొరికితే సర్విక్స్ దొరికినట్టే, సర్విక్స్ దొరికితే యూటరస్ ఎటు తిరిగినా పట్టుకోవచ్చు.

ఇదే కోతలో ఖాళీలు కూడా చూసుకోండి. బ్లాడర్‌కీ యూటరస్‌కీ మధ్య ఒక మడత, యూటరస్‌కీ రెక్టమ్‌కీ మధ్య ఇంకో మడత. రెండోదాన్నే పౌచ్ ఆఫ్ డగ్లస్ అంటారు. పడుకున్న మనిషిలో పెల్విస్‌కి అది అట్టడుగు, అందుకే పొట్టలో ఎక్కడ రక్తం కారినా, చీము పట్టినా ముందు అక్కడికి చేరే అవకాశం ఎక్కువ. నెలసరులు వస్తున్న వయసులో అక్కడ కొద్దిగా నీరు కనిపిస్తే కంగారు పడక్కర్లేదు, అండం విడుదలైన రోజుల్లో అది మామూలే. ముందున్న మడతలో నీరు కనిపిస్తే మాత్రం కొంచెం ఆగి చూడండి.

బ్లాడర్ నిండుగా ఉండాలని అందరూ చెప్తారు, ఎందుకో తక్కువమంది చెప్తారు. మూత్రం శబ్ద తరంగాలను అడ్డుకోదు, గాలి అడ్డుకుంటుంది. బ్లాడర్ నిండితే గాలి ఉన్న పేగులను పైకి నెట్టి మనకు కిటికీ తెరుస్తుంది. ఫండస్‌ని కాస్త దాటేంత నిండితే చాలు. అంతకు మించితే వేరే గొడవ. నిండిన బ్లాడర్ యూటరస్‌ని వెనక్కి నొక్కేసి చపటా చేస్తుంది, ఓవరీలను దూరంగా తోసేస్తుంది. గర్భిణుల్లో అయితే సర్విక్స్ ఉన్నదానికంటే పొడుగ్గా కొలతకొస్తుంది. "ఇక ఆపుకోలేను" అని పేషెంట్ అంటుంటే ఇంకో రెండు గ్లాసులు తాగమనకండి.

బ్లాడర్ దగ్గరే నేను బాగా దెబ్బతిన్నాను. ఒకావిడకు ప్రోబ్ పెట్టగానే నల్లగా, పెద్దగా, అంచులు నున్నగా కనిపించింది. బ్లాడర్ బాగా నిండిందని సంతోషపడి దాని వెనక యూటరస్ కోసం వెతకడం మొదలుపెట్టాను. ఎంతకీ సరిగ్గా రాదు. "అమ్మా, ఒకసారి వాష్‌రూమ్‌కి వెళ్లి సగం ఖాళీ చేసి రండి" అన్నాను. "ఇప్పుడే వెళ్లొచ్చానమ్మా, ఇంకేం లేదు" అంది ఆవిడ. నేను నమ్మలేదు, మళ్లీ పంపాను. తిరిగొచ్చాక చూస్తే ఆ నల్లటిది ఇసుమంత కూడా తగ్గలేదు. మేడమ్ వచ్చి ప్రోబ్‌ని ప్యూబిక్ ఎముక వెనక్కి వంచి చూపించారు. అడుగున చిన్నగా, ముడుచుకుపోయి అసలు బ్లాడర్ ఉంది. నేను అరగంట సేపు కిటికీ అనుకున్నది ఓవరీ నుంచి పెరిగిన సిస్టు (నీటి తిత్తి). ఆ రోజు నుంచి నల్లగా పెద్దగా ఏది కనిపించినా దానికి సర్విక్స్‌తోనూ యోని గీతతోనూ పొరుగు సంబంధం ఉందా అని చూస్తాను. బ్లాడర్ అయితే వాటి ముందు ఉండి తీరాలి.

యూటరస్ వంపుల విషయానికి వస్తే, యాంటీవర్షన్, యాంటీఫ్లెక్షన్ రెండూ ఒకటే అనుకునేవాళ్లు పరీక్ష పాసైన వాళ్లలోనూ ఉన్నారు. మీ చేతినే వాడుకోండి. మోచేతి నుంచి మణికట్టు దాకా యోని, అరచెయ్యి సర్విక్స్, వేళ్లు యూటరస్ బాడీ. మణికట్టు దగ్గర వంచితే అది వర్షన్. మణికట్టు కదపకుండా వేళ్ల మొదట్లో వంచితే ఫ్లెక్షన్. ముందుకు వంచితే యాంటీ, వెనక్కి వంచితే రెట్రో. ఇంచుమించు ఐదుగురిలో ఒకరికి యూటరస్ వెనక్కే తిరిగి ఉంటుంది, అది జబ్బు కాదు. కాకపోతే అలాంటప్పుడు ఫండస్ ప్రోబ్‌కి దూరంగా, లోతులో ఉండటం వల్ల గుండ్రంగా, నల్లగా తేలి ఫైబ్రాయిడ్ (కండర గడ్డ)లా మోసం చేస్తుంది. తెల్లటి ఎండోమెట్రియం (యూటరస్ లోపలి పొర) గీత ఆ గుండ్రటి దాంట్లోకి వెళ్తోందా లేదా చూడండి. వెళ్తుంటే అది ఫండసే.

కొలతల కోసం పట్టికలు బట్టీ పట్టే బదులు వయసుతో ముడిపెట్టండి. చిన్నపిల్లల్లో సర్విక్స్ బాడీతో సమానంగా లేదా ఇంకా పెద్దగా ఉంటుంది. పెద్దయ్యాక బాడీ సర్విక్స్‌కి దాదాపు రెండింతలవుతుంది. పిల్లలు పుట్టని స్త్రీలో యూటరస్ మొత్తం పొడవు 6 నుంచి 8 సెంటీమీటర్లు, కాన్పుల తర్వాత ఇంకాస్త పెద్దది, నెలసరులు ఆగాక మళ్లీ చిన్నదవుతుంది.

ఎండోమెట్రియం ఇంకా విచిత్రమైనది, వారం వారం మారిపోతుంది. నెలసరి రోజుల్లో 1 నుంచి 4 మిల్లీమీటర్ల సన్నటి గీత. అండం విడుదలకు ముందు మూడు గీతల్లా, వాటి మధ్య ముదురు పొరలతో అందంగా కనిపిస్తుంది. ఆ తర్వాత మందంగా, తెల్లగా మారి 16 మిల్లీమీటర్ల దాకా కూడా వెళ్తుంది. అందుకే చివరి నెలసరి తేదీ అడగకుండా ప్రోబ్ పట్టుకోకండి. 12 మిల్లీమీటర్లు ఒకరికి మామూలు, నెలసరులు ఆగి మళ్లీ రక్తం కనిపిస్తున్న ఇంకొకరికి అది తప్పకుండా చూడాల్సిన సంగతి, అక్కడ మనం 4 మిల్లీమీటర్ల దగ్గరే గీత గీస్తాం. కొలిచేది నిలువు కోతలో, అత్యంత మందంగా ఉన్న చోట, రెండు పొరలూ కలిపి. చుట్టూ ఉండే ముదురు అంచును కలపకూడదు. లోపల నీరుంటే దాన్ని వదిలేసి రెండు పొరలనూ విడివిడిగా కొలిచి కూడాలి.

ఇక అందరినీ ఏడిపించే ఓవరీలు. అడ్డకోతలో బ్లాడర్‌కి రెండు పక్కలా గుండ్రంగా, ముదురుగా రెండు కనిపించాయి నాకు ఒకరోజు. రెండూ ఒకే సైజు, ఎంత చక్కగా ఉన్నాయో అనుకుని కొలిచేశాను కూడా. మేడమ్ ఏమీ అనకుండా నా చేతిలోని ప్రోబ్‌ని 90 డిగ్రీలు తిప్పారు. గుండ్రంగా ఉన్నది కాస్తా పైకీ కిందికీ పొడుగ్గా సాగిపోయింది. "ఓవరీకి ఇంత తోక ఎక్కడిది?" అన్నారు. అది ఇలియోసోయాస్ కండరం. అడ్డకోతలో దాని మధ్యలో ఒక తెల్లటి చుక్క ఉంటుంది, అప్పుడు నేను గమనించలేదు. పెల్విస్ వెనక భాగంలో పిరిఫార్మిస్ కూడా ఇలాగే బోల్తా కొట్టిస్తుంది. ఓవరీ ఏ వైపు తిప్పినా కోడిగుడ్డు ఆకారం వదలదు, కండరం వదిలేస్తుంది. మిగతా కండరాల్లో ఆబ్ట్యురేటర్ ఇంటర్నస్ పక్క గోడకు అతుక్కుని, లెవేటర్ యానై అడుగున ఊయలలా ఉంటాయి. మొదట్లో వాటిని గుర్తుపట్టడం వరకు వస్తే చాలు.

ఓవరీని వెతకాలంటే రక్తనాళాలను పట్టుకోండి. బయటి పక్కన ఎక్స్‌టర్నల్ ఇలియాక్ నాళాలు, వెనక ఇంటర్నల్ ఇలియాక్ నాళాలు, వాటితో పాటే యూరేటర్ (కిడ్నీ నుంచి మూత్రం తెచ్చే గొట్టం). వీటి మధ్య గుంటలో ఓవరీ కూర్చుని ఉంటుంది. కలర్ డాప్లర్ (రక్త ప్రవాహాన్ని రంగులో చూపేది) పెట్టి ఇంటర్నల్ ఇలియాక్ సిర దొరికాక దాని ముందు వైపు నెమ్మదిగా ప్రోబ్‌ని ఊపండి. చిన్న చిన్న నల్లటి ఫాలికిల్స్ (అండాలు పెరిగే తిత్తులు) కనిపిస్తే ఇక సందేహం ఉండదు. అయితే కాన్పుల తర్వాత, యూటరస్ తీసేసిన తర్వాత ఓవరీ ఈ అడ్రసు మార్చేయొచ్చు. సైజు కోసం మూడు కొలతలనూ గుణించి 0.523తో మళ్లీ గుణిస్తాం. ఉదాహరణకు 3.2, 2.0, 1.8 సెంటీమీటర్లయితే దాదాపు 6 మిల్లీలీటర్లు. మూడో కొలతను మొదటి కోతలోనే తీసేయడం మనవాళ్లందరికీ ఉన్న దురలవాటు, దానికి అడ్డకోత కావాలి.

యూరేటర్ విషయంలో ఒక్క మాట. సర్విక్స్ పక్కన అది యుటరైన్ ధమని కింద నుంచి దాటి వెళ్తుంది. పరీక్షలో ఇది తప్పకుండా అడుగుతారు. యూరేటర్ ఉబ్బినప్పుడు సిరలాగో, నీరు చేరిన ట్యూబులాగో అనిపిస్తుంది. కలర్ వేస్తే యూరేటర్‌లో రంగు రాదు, వెంబడిస్తే బ్లాడర్ దాకా తీసుకెళ్తుంది.

ట్రాన్స్‌వెజైనల్ (యోని లోపలి నుంచి చేసే స్కాన్) దగ్గరకు వచ్చేసరికి నేర్చుకున్నదంతా తిరగబడినట్టు ఉంటుంది, దానికి సిద్ధంగా ఉండండి. ఇక్కడ బ్లాడర్ ఖాళీ కావాలి. ప్రోబ్ కింది నుంచి పైకి చూస్తోంది కాబట్టి నిలువు కోతలో స్క్రీన్ పై భాగం కాళ్ల వైపు, ఎడమ పక్క పొట్ట వైపు. కొన్నిచోట్ల బొమ్మను తలకిందులుగా పెట్టుకుంటారు, కొత్త మెషీన్ దగ్గర కూర్చోగానే అది చూసుకోండి. నేను కాగితం మీద నిలువు కోత గీసి, దాన్ని చేత్తో తిప్పి తిప్పి చూసి అలవాటు చేసుకున్నాను. ఇంకొకటి, ఏం చేయబోతున్నామో పేషెంట్‌కి ముందే చెప్పి ఒప్పుకోలు తీసుకోండి, లేటెక్స్ పడుతుందో లేదో అడగండి, గదిలో ఇంకొకరు తోడుండేలా చూడండి.

ఎడమ ఓవరీ మాత్రం చాలాసార్లు దొరకదు. సిగ్మాయిడ్ పేగు దాని మీద పడి గాలితో కప్పేస్తుంది. అనుమానం ఉన్న చోట చెయ్యి కదపకుండా కాసేపు ఆగితే పేగు అయితే మెలికలు తిరుగుతుంది, ఓవరీ కదలదు. పేషెంట్‌ని కాస్త పక్కకు తిప్పి చూడండి, ట్రాన్స్‌వెజైనల్‌లో అయితే రెండో చేత్తో పొట్ట మీద నెమ్మదిగా నొక్కండి. అప్పటికీ రాకపోతే నేను మొదట్లో ఏదో ఒకదాన్ని కొలిచి నింపేసేదాన్ని, గడి ఖాళీగా ఉంటే చేతకానితనంలా అనిపించేది. ఇప్పుడు "పేగుల్లో గాలి వల్ల ఎడమ ఓవరీ కనిపించలేదు, ఆ పక్క గడ్డ ఏదీ కనిపించలేదు" అని రాసి సంతకం పెడతాను.