ఎన్నారై సందేహాలు: 37 ఫ్రాంకుల టికెట్టు అసలు ఖరీదు

ప్రశ్న: నేను కర్ణాటక వయొలిన్‌లో డిప్లొమా చేశాను. మావారి ఉద్యోగరీత్యా ఆరు నెలల క్రితం స్విట్జర్లాండ్‌లోని బాసెల్ వచ్చాము. బెర్లిన్, స్టాక్‌హోమ్, లండన్ నగరాల తెలుగు సంఘాల వారు ఉగాదికి కచేరీ చేయమని పిలుస్తున్నారు. విమానం టికెట్లు ముప్పై, నలభై ఫ్రాంకులకే దొరుకుతున్నాయి. ఇలా తిరుగుతూ సంగీతం మీదే ఇక్కడ బతకవచ్చునా?

జవాబు: అమ్మా, మీ ఉత్తరం చదువుతుంటే 2009 నవంబరులో ఇదే బాసెల్ స్టేషను ముందు వయొలిన్ పెట్టె భుజాన వేసుకుని నిలబడిన నన్ను నేనే చూసుకున్నట్టయింది. నా భార్యకు ఇక్కడ ఒక మందుల కంపెనీలో ఉద్యోగం వచ్చింది. విజయనగరం మహారాజా సంగీత కళాశాలలో నేర్చుకున్న విద్య తప్ప నా చేతిలో మరేమీ లేదు. 1919లో పుట్టిన ఆ కళాశాలలో ద్వారం వెంకటస్వామి నాయుడుగారు పాఠం చెప్పిన గదుల పక్కన సాధన చేసినవాడిని, యూరప్‌లో నా వయొలిన్‌కు గిరాకీ లేకపోతుందా అనుకున్నాను. మొదటి రెండేళ్లూ తీగల సెట్టు కొనాలన్నా భార్య జీతంలోంచే తీసుకోవలసి వచ్చింది. ఆమె ఒక్కనాడూ ఒక్క మాట అనలేదు, కానీ అడగవలసి రావడమే నన్ను తినేసింది. చలి గురించి, భాష గురించి, ఒంటరితనం గురించి మీకు చెప్పేవారు చాలామంది ఉంటారు. నేను మాత్రం డబ్బు గురించే చెబుతాను, ఎందుకంటే ఇక్కడ సంగీతం వదిలేసి వెనక్కి వెళ్లిన మనవాళ్లలో నేను చూసినవారందరూ లెక్క తెలియకే వదిలేశారు.

2011 అక్టోబరులో నాకూ బెర్లిన్ నుంచే పిలుపు వచ్చింది. దసరా కార్యక్రమం, గంటన్నర కచేరీ, 200 యూరోల సంభావన, ప్రయాణం ఖర్చు నాదే. యూరో 1.20 ఫ్రాంకుల కంటే కిందికి దిగకుండా స్విస్ జాతీయ బ్యాంకు అప్పుడే కట్టడి చేసింది కనుక 200 యూరోలంటే సుమారు 240 ఫ్రాంకులు. టికెట్టు పోను 37, రాను 37. ఇంకా 166 మిగులుతుందని లెక్క వేసుకుని మురిసిపోయాను. ఈ తరం పిల్లలు కూడా టికెట్టు ధర ఒక్కటే చూసి మురిసిపోతున్నారు, అందుకే ఇంత వివరంగా చెబుతున్నాను.

విమానం ఎక్కే ద్వారం దగ్గర ఒక ఇనుప చట్రం ఉంటుంది. సామాను అందులో ఇమిడితేనే లోపలికి రానిస్తారు. వయొలిన్ పొడవు దాదాపు 60 సెంటీమీటర్లు, నా దీర్ఘచతురస్రపు పెట్టె 80. ఆ చట్రం లోతు 55. అక్కడి అమ్మాయి పెట్టెను నిలువుగా దించింది, మూడో వంతు పైకి నిలిచింది. నేను పెట్టె తెరిచి వాయిద్యాన్ని చూపించాను, పాతికేళ్లుగా నా దగ్గర ఉన్నదని చెప్పాను, దీన్ని విమానం అడుగున ఉండే సామాను అరలో వేస్తే పగులుతుందని వేడుకున్నాను. ఆమె మర్యాదగానే విని, కార్డు యంత్రాన్ని నా వైపు తిప్పింది. 50 యూరోలు. నా వెనుక ఎనభై మంది వరుసలో నిలబడి చూస్తున్నారు. ఆ విమాన కంపెనీ నిబంధనల్లో వాయిద్యాలకు ప్రత్యేకంగా ఒక పేరా ఉందనీ, ముందుగా ఇంటి దగ్గరే డబ్బు కట్టి నమోదు చేసుకుంటే అందులో సగం కూడా అయ్యేది కాదనీ తరువాత తెలిసింది. కొలతలు కంపెనీకొక రకంగా ఉంటాయి, ఏటేటా మారుతుంటాయి. టికెట్టు కొన్న రోజునే ఆ పేరా అచ్చు తీసి పెట్టెలో పెట్టుకోండి.

తిరుగు ప్రయాణం ఆదివారం రాత్రి. యంత్రంలో లోపమని పదకొండింటికి విమానం రద్దు చేసి, మరునాడు మధ్యాహ్నం పంపుతామన్నారు. 5 యూరోల తిండి కూపను చేతిలో పెట్టారు. నేను దాన్ని తీసుకుని, వయొలిన్‌ను ఒళ్లో పెట్టుకుని, షోనెఫెల్డ్ విమానాశ్రయంలో కుర్చీ మీద రాత్రంతా కూర్చున్నాను. అలాంటప్పుడు హోటలు గది ఇవ్వడం కంపెనీ బాధ్యత అనీ, 1,500 కిలోమీటర్ల లోపు ప్రయాణం ఇలా చివరి ఘడియలో రద్దయితే మనిషికి 250 యూరోల పరిహారం అడిగే హక్కు ఉందనీ, 261/2004 అనే ఆ యూరోపియన్ నిబంధన స్విట్జర్లాండ్‌కు కూడా వర్తిస్తుందనీ నాకు తెలియదు. తుఫాను వంటి అసాధారణ కారణాలుంటే పరిహారం రాదు, కానీ మామూలు యంత్ర లోపం ఆ కోవలోకి రాదని యూరోపియన్ న్యాయస్థానం 2008లోనే చెప్పింది. నా సంభావన కంటే పెద్ద మొత్తాన్ని అడగకుండా వదిలేసి ఇంటికి వచ్చాను. ఇది ఇప్పటికీ నాకు బాధగానే ఉంది.

ఆ వారం నా పద్దు పుస్తకంలో రాసుకున్నది మీ కోసం తీసి చూశాను. టికెట్లు 74, ద్వారం దగ్గర కట్టినది 60, బస్సులూ రైళ్లూ 22, తిండి 31, అన్నీ కలిపి 187 ఫ్రాంకులు. సోమవారం ఉదయం నలుగురు పిల్లలకు పాఠం చెప్పవలసి ఉంది, ఒక్కొక్కరికి 45 చొప్పున 180 పోయింది. మొత్తం 367. వచ్చింది 240. అంటే 127 ఫ్రాంకులు నా చేతి నుంచి పెట్టుకుని బెర్లిన్ వారికి కచేరీ చేసి వచ్చాను. ఆ పేజీ కింద అడ్డగీత గీసి, గడప దాటిన క్షణం నుంచి మళ్లీ గడప తొక్కేదాకా అయ్యే ఖర్చు లెక్కించకుండా ఎవరికీ ఒప్పుకోకూడదని రాసుకున్నాను. పద్నాలుగేళ్లుగా ఆ మాట తప్పలేదు.

బాసెల్ విమానాశ్రయం ఫ్రాన్సు నేల మీద ఉంది; లోపలి నుంచి స్విట్జర్లాండ్ వైపు ఒక దారి, ఫ్రాన్సు వైపు మరొక దారి ఉంటాయి. స్విస్ దారిలో బయటికి వస్తే 50వ నంబరు బస్సు నేరుగా రైల్వే స్టేషనుకు తీసుకువస్తుంది. ఆ దారిలోనే స్విస్ సుంకం వారు ఉంటారని నేను 2013లో నేర్చుకున్నాను. బెర్లిన్‌లో 1,100 యూరోలకు ఒక మంచి కమాను కొని, వయొలిన్ పెట్టెలోనే పెట్టుకుని, చెప్పవలసిందేమీ లేదన్న పచ్చ దారిలో నడిచాను. ఎక్కడ కొన్నారని అడిగారు. రసీదు జేబులోనే ఉంది. పన్నూ జరిమానా కలిసి 300 ఫ్రాంకులు దాటింది. ముందే చెప్పి ఉంటే 8 శాతంతో పోయేది, పైగా జర్మనీ వసూలు చేసిన 19 శాతాన్ని ఎగుమతి కాగితం మీద ముద్ర వేయించుకుని వెనక్కి తెచ్చుకునేవాడిని. ఇప్పుడు స్విస్ పన్ను 8.1 శాతం, పన్ను లేకుండా తెచ్చుకోగల పరిమితి 2025 జనవరి నుంచి మనిషికి 150 ఫ్రాంకులకు తగ్గింది. మీరు ఇండియా నుంచి తెచ్చుకున్న పాత వయొలిన్‌కు పన్ను లేదు కానీ, అది మీదేనని చూపే రసీదూ ఫొటోలూ ఫోనులో ఉంచుకోండి. కమాను కొనలో ఏనుగు దంతం ఉంటే మాత్రం అనుమతి పత్రం లేకుండా సరిహద్దు దాటకండి.

ఇక బతుకు సంగతి. కచేరీల మీద మాత్రమే బతకడం ఇక్కడ పుట్టిపెరిగిన స్విస్ వాద్యకారులకే కష్టం. వారిని నిలబెట్టేది సంగీత పాఠశాల. 2012 సెప్టెంబరులో పిల్లల సంగీత విద్యను ప్రోత్సహించాలని ఈ దేశ ప్రజలు ఓటు వేసి రాజ్యాంగంలోనే చేర్చుకున్నారు. పెద్ద ఊళ్లలోనే కాక చిన్న పల్లెల్లోనూ పిల్లలు సాయంత్రం వాయిద్యం పట్టుకుని పాఠానికి వెళతారు. ఉద్యోగాన్ని శాతాల్లో ఇస్తారు, దాన్ని పెన్సుమ్ అంటారు. ముప్పై శాతం ఒక ఊళ్లో, ఇరవై శాతం మరో ఊళ్లో, మధ్యలో రైలు. అయితే అక్కడ పాఠం చెప్పడానికి ఇక్కడి సంగీత విశ్వవిద్యాలయాల బోధన పట్టా అడుగుతారు. నేను ముప్పై నాలుగో ఏట మళ్లీ విద్యార్థిగా చేరాను. నేల మీద కూర్చుని, వయొలిన్ తలను చీలమండ మీద ఆనించి, స-ప-స-పకు శ్రుతి చేసుకుని వాయించిన చేతులు, నిలబడి గడ్డం కింద పట్టుకుని వేరే శ్రుతిలో వాయించడం నేర్చుకోవడానికి ఐదేళ్లు పట్టింది. పద్దెనిమిదేళ్ల పిల్లల పక్కన నిలబడి స్కేళ్లు సాధన చేశాను. ఈనాడు ఒక సంగీత పాఠశాలలో నలభై శాతం ఉద్యోగం, ఇంట్లో పదకొండు మంది శిష్యులు, క్రిస్మస్, ఈస్టర్ సమయాల్లో చర్చి వాద్యబృందాలకు అదనపు వాద్యకారుడిగా పిలుపులు ఉన్నాయి. ఆ అదనపు వాద్యకారుణ్ణి ఇక్కడ త్సూత్స్యూగర్ అంటారు. ఒక సాధన, ఒక కచేరీ, అదే రాత్రి చేతికి డబ్బు, రైల్లో ఇంటికి. రైలు టికెట్టు సగం ధరకే ఇచ్చే హాల్బ్‌టాక్స్ కార్డు కొనని సంగీతకారుడు ఈ దేశంలో లేడు. మీరూ ఈ వారమే కొనండి.

మీరు అడగని విషయం ఒకటి ఉంది, అన్నింటికంటే నాకు దాని మీదే దిగులు. అది ముసలితనం. ఇక్కడి ప్రభుత్వ పింఛను పేరు ఆహావె. పూర్తి పింఛను రావాలంటే 44 ఏళ్లు చందా కట్టి ఉండాలి. ప్రతి లోటు సంవత్సరానికీ పింఛనులో కనీసం 44వ వంతు తగ్గుతుంది. ఇరవై ఎనిమిదో, ముప్పయ్యో ఏట వచ్చిన మనకు పూర్తి పింఛను ఎలాగూ రాదు. అందుకే ఉన్న సంవత్సరాలనైనా పోగొట్టుకోకూడదు. మీవారు ఉద్యోగం చేస్తూ కనీస చందాకు రెట్టింపు కడుతున్నంత కాలం మీరూ కట్టినట్టే లెక్క, కాబట్టి ప్రస్తుతానికి భయం లేదు. కానీ ఎవరైనా కచేరీ చేయించి కవరులో నోట్లు పెట్టి ఇస్తే, ఆ సంపాదన మీ పేరు మీద ఎక్కడా నమోదు కాదు. నాకు మొదటి మూడేళ్లూ అలాగే జరిగింది. కవరు అందుకున్నప్పుడు సంతోషించాను, 2014లో నా ఖాతా వివరం తెప్పించి చూస్తే ఆ మూడేళ్ల ఎదురుగా నా సంపాదన సున్నా అని ఉంది. ఏడాదికి 2,500 ఫ్రాంకులు దాటని చిన్న జీతాల మీద చందా కట్టనక్కరలేదని సాధారణ నియమం, అయితే వాద్యబృందాలూ సంగీత పాఠశాలలూ మాత్రం మొదటి ఫ్రాంకు నుంచే కట్టాలి. ఇది తెలియనట్టు ఉండే నిర్వాహకులు ఉన్నారు. మర్యాదగా అడగండి, జీతం చీటీ ఇమ్మనండి. ఉద్యోగ పింఛను నిధిలో చేరాలంటే ఒకే యజమాని దగ్గర ఏడాదికి 22,680 ఫ్రాంకులు సంపాదించాలి; మూడు చోట్ల ముక్కలుగా పనిచేసే సంగీతకారుడు మొత్తం మీద ఆ అంకె దాటినా ఎక్కడా లోపలికి రాకుండా మిగిలిపోవచ్చు. అటువంటివారు కోరి చేరే ఏర్పాటు ఉంది, మీ ప్రాంతపు ఆహావె కార్యాలయంలో చెబుతారు. పర్మిటు నిబంధనలు, ఆరోగ్య బీమా గడువు వంటివన్నీ అధికారిక పేజీల్లో స్పష్టంగా ఉంటాయి, వాటితో ఈ జవాబు పెంచను.

మన సంఘాల గురించి కూడా దాచకుండా చెప్పాలి. ఇల్లు వదిలి వచ్చినవారు పండగ పూట త్యాగరాజ కీర్తన వినాలనుకోవడం గొప్ప విషయం, అందులో నాకు ఏ సందేహమూ లేదు. కానీ హాలుకు అద్దె కట్టినవారు, వంటవాళ్లకు డబ్బు ఇచ్చినవారు, మైకు తెచ్చినవాడికి చెల్లించినవారు, వయొలిన్ వాయించిన మనిషి దగ్గరికి వచ్చేసరికి “మనవాళ్లే కదండీ” అంటారు. మా ఇంట్లో పై అరలో పంతొమ్మిది శాలువాలు ఉన్నాయి, ప్రతి ఒక్కటీ గౌరవంగా మడిచి పెట్టినదే. అద్దె కట్టడానికి అవి పనికిరాలేదు. మొదటిసారి ఉచితంగా వాయించిన చోట రెండోసారి డబ్బు అడగడం ఎంత కష్టమో అనుభవిస్తే గాని తెలియదు. మీకు ఆ అవస్థ రాకూడదని చెబుతున్నాను.

ఇప్పుడు మీ మూడు పిలుపులు. షెంగెన్ అనే యూరప్ ఉమ్మడి వీసా పరిధిలో లండన్ లేదు, మీ స్విస్ పర్మిటు అక్కడ చెల్లదు. డబ్బు తీసుకుని కచేరీ చేయడానికి తగిన వీసా వారు సమకూరిస్తేనే ఆలోచించండి, లేకపోతే ఈ ఏడాదికి వదిలేయండి. బెర్లిన్, స్టాక్‌హోమ్ నగరాలకు మీ పర్మిటు మీద వెళ్లి రావచ్చు, కానీ అక్కడ పారితోషికంతో పనిచేయడానికి ఆయా దేశాల నియమం ఏమిటో నిర్వాహకుల చేతే రాతపూర్వకంగా అడిగించండి. ఇద్దరికీ ఒకే ఉత్తరం రాయండి: వాయిద్యానికి కట్టే రుసుముతో సహా టికెట్టు వారే కొనాలి, బస చూపాలి, సంభావన ఎంతో ముందే చెప్పి సగం ముందుగా పంపాలి, విమానం ఆలస్యమై మరునాటి పని పోతే ఎంత ఇస్తారో రాయాలి. తిరుగు టికెట్టు ఆ రోజు చివరి విమానానికి కాకుండా, దాని ముందు విమానానికి తీసుకోమనండి. ద్వారం దగ్గర పెద్ద పెట్టె ఇబ్బంది పెడుతుంది కనుక, వయొలిన్ ఆకారంలోనే ఉండే సన్నని పెట్టె ఒకటి కొనుక్కోండి. చలికాలంలో అందులో తేమనిచ్చే చిన్న గొట్టం పెట్టడం మరవకండి, ఇక్కడి హీటరు వేడికి 2010 జనవరిలో నా వయొలిన్ పక్క అతుకు విడిపోయి, బాగు చేయించడానికి 280 ఫ్రాంకులు అయింది.