ఫ్రేమ్ బాగుచేయిస్తానని తీసుకెళ్లిన బొమ్మ తిరిగి వస్తుందా?

ప్రశ్న: 1923లో చిత్రకారుడు దామెర్ల రామారావు గారు మా నాయనమ్మ బొమ్మ వేశారు. అప్పుడామెకు నాలుగేళ్లు. పుట్టింటి నుంచి తెచ్చుకున్న ఆ బొమ్మను 2010లో నాన్నగారి స్నేహితుడు ఫ్రేమ్ బాగుచేయిస్తానని తీసుకెళ్లారు. 2012లో నాయనమ్మ పోయారు. 2019లో అడిగితే ‘పని కాలేదు, అయ్యాక పంపిస్తా’ అని వాట్సాప్ పెట్టారు. ఈ జనవరిలో ఫోన్‌లో ‘మీ నాన్న నాకిచ్చేశాడు’ అన్నారు. 2010 తేదీతో ఇప్పుడు రసీదు తయారుచేసుకోవచ్చా? బొమ్మ దొరికితే డల్లాస్‌లో ఉన్న అన్నయ్యకు పంపాలని ఉంది.
– ఒక పాఠకురాలు

జవాబు: రామారావు గారు 1925లో 28వ ఏటనే మశూచితో పోవడం గురించి మీ పూర్తి ఉత్తరంలో చాలా రాశారు. అది ఈ కేసును తేల్చదు. బొమ్మ ఎవరు వేసినా మీ వస్తువు మీదే. తేలాల్సింది ఒకటే: 2010లో అది ఎవరిది?

చరాస్తిని కాగితం లేకుండా చేతికిచ్చినా దానం చెల్లుతుంది. కాబట్టి ‘ఇచ్చేశాడు’ అన్న మాటను తేలిగ్గా తీసుకోకండి. కానీ బొమ్మ నాయనమ్మదైతే, ఆమె బతికుండగా దాన్ని దానం చేసే హక్కు మీ నాన్నగారికి లేదు. ఆమె గదిలో ఆ బొమ్మ కనిపించే పాత ఫొటోలు వెతకండి. మీ మేనత్త సాక్ష్యం కూడా పనికొస్తుంది.

అప్పగించిన వస్తువుకు కాలపరిమితి చట్టం ఆర్టికల్ 70 వర్తిస్తుంది. దావా వేయడానికి గడువు అడిగినప్పుడు కాదన్న రోజు నుంచి మూడేళ్లు, 2010 నుంచి కాదు. 2019 నాటి మెసేజ్ నిరాకరణ కాదు, పైగా బొమ్మ తనది కాదని ఆయనే ఒప్పుకున్నట్టు. అంతకంటే మంచి సాక్ష్యం మీకు దొరకదు. ఆ ఫోన్ మార్చకండి, చాట్ చెరపకండి. మధ్యలో ఎప్పుడైనా ‘ఇవ్వను’ అన్నారా? ఉంటే మీ లాయరుకు దాచకుండా చెప్పండి.

రసీదు ఆలోచన ఇప్పుడే వదిలేయండి. దొంగ సాక్ష్యం సృష్టించి కోర్టులో పెడితే ఏడేళ్ల వరకు జైలు. పైగా మీ నిజమైన మెసేజ్‌ను కూడా ఎవరూ నమ్మరు. ఇంత విలువైన వస్తువుకు ఆ రోజే చీటీ రాయించుకోకపోవడం మీవాళ్ల తప్పు.

ముందు లాయరు ద్వారా రిజిస్టర్డ్ నోటీసు పంపండి. అయినా ఇవ్వకపోతే దావా వేయాలి. నాయనమ్మ వీలునామా రాయనట్టయితే ఆ దావా వేయాల్సింది ఆమె వారసులుగా మీ నాన్నగారు, మేనత్త కలిసి, మీరు కాదు. వస్తువునే తిరిగి ఇప్పించమని నిర్దిష్ట ఉపశమన చట్టం (స్పెసిఫిక్ రిలీఫ్ యాక్ట్) 7, 8 సెక్షన్ల కింద కోరాలి. దావాతోపాటే ఆయన బొమ్మను అమ్మకుండా తాత్కాలిక ఇంజంక్షన్ (కోర్టు నిషేధ ఉత్తర్వు) అడగండి.

డల్లాస్ మాట మరిచిపోండి. నూరేళ్లు దాటిన చిత్రం 1972 నాటి పురావస్తువులు, కళానిధుల చట్టం ప్రకారం పురావస్తువు. దాన్ని దేశం దాటించడం నేరం.