టఫెన్డ్ గ్లాస్‌కు ఐఎస్ఐ ముద్ర ఉంటే ఫైర్ గ్లాస్ అయిపోతుందా?

ప్రశ్న: హనుమకొండలో మాకు 17 మీటర్ల ఎత్తున్న కమర్షియల్ బిల్డింగ్ ఉంది. కింద బట్టల షోరూం, పైన డయాగ్నస్టిక్ సెంటర్, రెండు ఆఫీసులు, చివరి అంతస్తులో కోచింగ్ సెంటర్ అద్దెకున్నాయి. నిరుడు వెలుతురు వస్తుందని మెట్ల దగ్గరి పాత తలుపులు తీసేసి అద్దాల తలుపులు, వాటి పక్కన అద్దం గోడ పెట్టించాను. 'ఫైర్ గ్లాసే కావాలి' అని వాట్సాప్‌లో రాసి మరీ ఎక్కువ రేటుకు కొన్నాను. ఈ మధ్య తనిఖీకి వచ్చిన ఫైర్ అధికారులు ఆ అద్దాలకు ఫైర్ రేటింగ్ రుజువు చూపించమని నోటీసు ఇచ్చారు. డీలర్‌ని అడిగితే '12 ఎంఎం టఫెన్డ్, ఐఎస్ఐ ముద్ర కూడా ఉంది, ఇంకేం కావాలి' అంటూ టెస్ట్ రిపోర్టు జిరాక్సు ఒకటి పంపాడు. ఆ జిరాక్సు, ఫోటోలు జత చేశాను. ఎన్‌ఓసీ (నిరభ్యంతర పత్రం) ఇచ్చినప్పుడు ఫైర్ శాఖ వాళ్లేం చూశారు? ఆ నోటీసు చెల్లుతుందా? ఏ అద్దం పెడితే చట్టానికి సరిపోతుంది? నా డబ్బు వెనక్కి వస్తుందా? కోచింగ్ సెంటర్ వాళ్లు సొంతంగా వేసుకున్న గ్లాస్ పార్టిషన్లకు కూడా నేనే జవాబు చెప్పాలా?
– పేరు రాయవద్దన్న పాఠకుడు

జవాబు: నోటీసు చెల్లుతుంది. డీలర్ మాట చెల్లదు.

టఫెన్డ్ అద్దం మీద కనిపించే ఐఎస్ఐ ముద్ర ఐఎస్ 2553 అనే ప్రమాణానికి సంబంధించింది. అద్దం పగిలితే కత్తుల్లాంటి ముక్కలు కాకుండా చిన్న చిన్న మొద్దు ముక్కలుగా రాలాలి, మనిషికి గాయం కాకూడదు అన్నదే దాని ఉద్దేశం. మంటను ఎంతసేపు ఆపుతుందో, అంటే ఫైర్ రేటింగ్ ఎంతో, ఆ ముద్ర చెప్పదు. టఫెన్డ్ అద్దం మామూలు అద్దం కన్నా కాస్త ఎక్కువ వేడికి తట్టుకునే మాట నిజమే. కానీ ఫైర్ రేటింగ్ పరీక్షలో కొలిమి వేడి 30 నిమిషాలకు 842 డిగ్రీలు, గంటకు 945, రెండు గంటలకు 1,049 డిగ్రీల సెల్సియస్‌కు చేరుతుంది. అక్కడ మామూలు టఫెన్డ్ అద్దం నిలబడదు.

'నేషనల్ బిల్డింగ్ కోడ్ సలహా మాత్రమే, చట్టం కాదు' అని డీలర్లే కాదు, కొందరు ఇంజనీర్లు కూడా చెబుతుంటారు. సగం నిజం. బ్యూరో ఆఫ్ ఇండియన్ స్టాండర్డ్స్ ప్రచురించిన ఆ కోడ్ తనంతట తాను ఎవరినీ కట్టిపడేయదు. రాష్ట్ర నిబంధనలు దాన్ని పాటించమన్నప్పుడు, ఎన్‌ఓసీ షరతుల్లో అది చేరినప్పుడు మాత్రం తప్పించుకునే దారి ఉండదు. తెలంగాణలో 2012 నాటి బిల్డింగ్ రూల్స్ (జీవో 168), 1999 నాటి ఫైర్ సర్వీస్ చట్టం కలిపి చదవాలి. ఆంధ్రప్రదేశ్ పాఠకులు 2017 బిల్డింగ్ రూల్స్ (జీవో 119) చూసుకోవాలి. 15 మీటర్లు, ఆపైన ఎత్తున్న కమర్షియల్ బిల్డింగులకు అగ్నిమాపక శాఖ ఎన్‌ఓసీ తప్పనిసరి. మీది 17 మీటర్లు కాబట్టి ఇందులో వాదనకు తావు లేదు. అంతకన్నా పొట్టి బిల్డింగ్ ఉన్నవాళ్లు కూడా ఊపిరి పీల్చుకోవద్దు. ఏ ఒక్క అంతస్తులోనైనా 500 చదరపు మీటర్లు దాటిన షాపులు, ఆఫీసులు కోడ్‌లోని 4వ భాగం, అంటే అగ్ని భద్రత భాగం కిందికి వస్తాయి.

ఏ అద్దం కొనాలన్న ప్రశ్నకు బ్రాండు పేరుతో జవాబు చెప్పలేం. అద్దం ఎక్కడ పెడుతున్నారన్నదే ముఖ్యం. ఆఫీసు లోపలి క్యాబిన్‌కు ఫైర్ రేటింగ్ అక్కర్లేదు, మంచి టఫెన్డ్ చాలు. అదే అద్దం బయటికి వెళ్లే కారిడార్ గోడలోనో, లిఫ్ట్ లాబీలోనో, మెట్ల చుట్టూనో ఉంటే లెక్క మారిపోతుంది. మంటల్లో జనం దిగేది మెట్ల మీదే. అందుకే ఎగ్జిట్ మెట్ల చుట్టూ గోడ, దానిలోని తలుపు 120 నిమిషాలు నిలవాలని 2016 కోడ్ చెబుతుంది. మీరు అద్దం పెట్టింది సరిగ్గా అక్కడే.

రేటింగ్ కాగితం మీద 'ఈ', 'ఐ' అనే అక్షరాలు కనిపిస్తాయి. 'ఈ' మాత్రమే ఉంటే ఆ అద్దం మంటను, పొగను, వేడి వాయువులను అవతలికి రానివ్వదు. వేడిని మాత్రం ఆపదు. రెండూ కలిసి 'ఈఐ' అని ఉంటే వేడిని కూడా ఆపుతుంది. అద్దం అవతలి వైపు ఉష్ణోగ్రత పెరుగుదల సగటున 140 డిగ్రీలు, ఏ ఒక్క చోటా 180 డిగ్రీలు దాటకూడదు. ఇలాంటి అద్దాల్లో పొరల మధ్య ఒక ప్రత్యేకమైన జెల్ ఉంటుంది, వేడి తగలగానే అది ఉబ్బి అడ్డుగోడలా మారుతుంది. మెట్ల పక్కన ఉత్త 'ఈ 120' పెట్టారనుకోండి, మంట ఇటు రాదు గానీ ఆ వేడికి ఆ మెట్ల మీద నుంచి ఎవరూ దిగలేరు. మెట్ల దగ్గర ఈఐ 120 కన్నా తక్కువకు ఒప్పుకోవద్దని నా సలహా.

ఈఐ 120 అద్దానికి కొటేషన్ చూశాక గుండె జారుతుంది. అందుకని ఒక మాట అడుగుతాను: అసలు అక్కడ అద్దం గోడ ఉండి తీరాలా? ఇటుక గోడ కట్టించి, చిన్న అద్దం కిటికీ ఉన్న 120 నిమిషాల స్టీల్ ఫైర్ డోర్ బిగిస్తే చట్టానికి అదీ సరిపోతుంది, ఖర్చు చాలా తగ్గుతుంది. వెలుతురుకు లైటు పెట్టుకోవచ్చు.

ఇక డీలర్ పంపిన జిరాక్సు. అది మీకు పనికిరాదు, కానీ డీలర్ మీద కేసుకు చక్కగా పనికొస్తుంది, పారేయకండి. ఫైర్ రేటింగ్ అద్దానికి విడిగా రాదు. అద్దం, ఫ్రేము, మధ్యలో గాస్కెట్ (సందు మూసే పట్టీ), తలుపు బందులు, తలుపును దానంతటదే మూసే క్లోజర్ అన్నీ కలిపి బిగించి కొలిమి ముందు పెట్టి పరీక్షిస్తారు. ఆ మొత్తానికే రేటింగ్. మీ జిరాక్సులో పరీక్షకు పెట్టింది స్టీల్ ఫ్రేములో బిగించిన జెల్ పొర అద్దం. మీరు పంపిన ఫోటోలో ఉన్నది ఫ్రేము లేని 12 ఎంఎం తలుపు, పైన కింద అద్దాన్ని పట్టి ఉంచే ప్యాచ్ ఫిట్టింగులు, నేలలో తలుపు తిరిగే ఫ్లోర్ స్ప్రింగ్. పక్క గోడ అద్దానికి అల్యూమినియం చానల్. అల్యూమినియం 660 డిగ్రీల దగ్గర కరుగుతుంది. పరీక్ష కొలిమి 10 నిమిషాలకే ఆ వేడి దాటిపోతుంది. చానల్ కరిగాక అద్దం ఎంత గొప్పదైనా నిలబడేదేముంది? పైగా రిపోర్టు మీద ఉన్న కంపెనీకీ మీ బిల్లుకూ సంబంధమే లేదు.

కొత్తగా కొనేటప్పుడు రిపోర్టు ఎవరి పేరు మీద ఉంది, ఏ ల్యాబ్ ఇచ్చింది, పరీక్షించింది తలుపునా కదలని గోడనా, ఫ్రేము ఏ లోహం, ఎంత కొలత వరకు ఆ రేటింగ్ వర్తిస్తుంది అన్నవి చూడండి. చిన్న కొలతలో పాసైన అద్దం మీ పెద్ద కొలతకు పాసైనట్టు కాదు. రూర్కీలోని సీబీఆర్ఐ (సెంట్రల్ బిల్డింగ్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్) లాంటి సంస్థల్లో ఈ పరీక్షలు జరుగుతాయి, రిపోర్టు అసలైనదో కాదో ఉత్తరం రాసి కనుక్కోవచ్చు. అద్దం మూలన చెరగని ముద్ర ఉండాలి. బిగించాక ఆ ముద్ర ఫ్రేము లోపలికి పోకుండా చూసుకోండి, రేపు తనిఖీకి వచ్చినవాళ్లు అడిగేది దాన్నే.

మీరు అడగలేదు గానీ, ఫోటోలో మీ బిల్డింగ్ ముందు వైపు కింది నుంచి పై దాకా అద్దమే కనిపిస్తోంది. అక్కడ టఫెన్డ్ వాడేందుకు కోడ్ ఒప్పుకుంటుంది గానీ షరతులున్నాయి. బిల్డింగ్ అంతా స్ప్రింక్లర్లు (మంట వేడికి నీళ్లు చిమ్మేవి) ఉండాలి, ఎదుటి కట్టడానికి 9 మీటర్లు లేదా అంతకన్నా ఎక్కువ ఎడం ఉండాలి, అద్దానికి 600 మిల్లీమీటర్ల లోపే స్ప్రింక్లర్ ఉండాలి. ఇవి లేకపోతే ముందు వైపు అద్దానికి కూడా రేటింగ్ కావాల్సిందే. స్లాబుకూ అద్దానికీ మధ్య సందును ప్రతి అంతస్తులో ఫైర్ సీలెంట్‌తో మూసేయాలి. ప్రతి అంతస్తులోనూ 10 మీటర్లకు మించని దూరంలో, కనీసం మీటరు పొడవు, మీటరు వెడల్పుతో బయటికి తెరుచుకునే ఫైర్ ప్యానెళ్లు ఉండాలి. 2010లో బెంగళూరు కార్ల్‌టన్ టవర్స్‌లో, 2011లో కోల్‌కతా ఏఎంఆర్ఐ ఆసుపత్రిలో ప్రాణాలు తీసింది ఎక్కువగా పొగే. పొగ బయటికి పోయే దారి లేక జనం అద్దాలు పగలగొట్టుకోవాల్సి వచ్చింది. షోరూం బోర్డులు, ఫ్లెక్సీలు ఆ ప్యానెళ్లకు అడ్డం కట్టారేమో ఈ రోజే చూడండి.

డబ్బు సంగతి. సరుకుల అమ్మకం చట్టం (1930) 15వ సెక్షన్ ప్రకారం సరుకు చెప్పిన వర్ణనకు సరిపోవాలి. కొనేవాడు అవసరం ఇదీ అని చెప్పి, అమ్మేవాడి నైపుణ్యం మీద ఆధారపడి కొంటే, ఆ అవసరానికి పనికొచ్చేలా ఉండాలని 16వ సెక్షన్. 'ఫైర్ గ్లాసే కావాలి' అన్న మీ వాట్సాప్ మెసేజే మీ కేసుకు ప్రాణం. ఫోన్ మార్చకండి, చాట్ తుడిచేయకండి. కోర్టులో దాన్ని చూపించడానికి భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ జతచేయాలి. సరుకు తీసుకుని బిగించేశారు కాబట్టి ఇప్పుడు 'వాపస్ తీసుకో' అనడం కష్టం. సరుకుల అమ్మకం చట్టం 59వ సెక్షన్ కింద నష్టపరిహారం అడగవచ్చు: అద్దం ధరలో తేడా, తీసేసే కూలి, మళ్లీ బిగించే ఖర్చు.

కన్స్యూమర్ కోర్టుకు వెళ్దామని చాలామందికి మొదట తట్టే ఆలోచన. మీ విషయంలో నేను దాన్ని ప్రోత్సహించను. అద్దెల కోసం నడిపే బిల్డింగ్ కాబట్టి 'వాణిజ్య అవసరానికి కొన్నాడు, వినియోగదారుడే కాడు' అని డీలర్ లాయర్ మొదటి రోజే అభ్యంతరం పెడతాడు. కొనుగోలు వెనక ప్రధాన ఉద్దేశం ఏమిటో చూడాలని 2019లో లీలావతి కీర్తిలాల్ మెహతా ట్రస్ట్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ కొలమానంతో చూస్తే మీకు అనుకూలించడం కష్టం. క్లెయిము 3 లక్షలు, ఆపైన ఉంటే కమర్షియల్ కోర్టు దారి ఉంది. అత్యవసర ఉత్తర్వులేమీ కోరనప్పుడు దావాకు ముందు కమర్షియల్ కోర్టుల చట్టం 12ఏ సెక్షన్ కింద మధ్యవర్తిత్వానికి వెళ్లడం తప్పనిసరి అని 2022లో పాటిల్ ఆటోమేషన్ కేసులో తేలిపోయింది. జిల్లా న్యాయసేవాధికార సంస్థలో దరఖాస్తు పెట్టుకోవాలి. చాలా కేసులు అక్కడే రాజీకి వస్తాయి, డీలర్లకు పేరు పోతుందన్న భయం ఉంటుంది. గడువు 3 ఏళ్లు. సరుకు అందిన రోజు నుంచి లెక్కేసుకుంటే టెన్షన్ ఉండదు.

కోచింగ్ సెంటర్ పార్టిషన్ల విషయానికి ముందు లీజు డీడ్ తీసి చూడండి. చట్టపరమైన అనుమతులు, భద్రతా ఏర్పాట్లు అద్దెదారుడివే అని ఉంటే ఖర్చు వాళ్లది. కానీ అది మీ ఇద్దరి మధ్య లెక్క మాత్రమే. మెట్లు, లాబీ, కారిడార్ లాంటి ఉమ్మడి చోట్లకు మీరే జవాబుదారీ. వాళ్ల పార్టిషన్ ఎగ్జిట్ దారికి అడ్డం వస్తుంటే వెంటనే లిఖితపూర్వకంగా నోటీసు ఇవ్వండి. తెలిసీ ఊరుకున్నారన్న మాట మీ మీదికి రాకూడదు. పిల్లలుండే అంతస్తు, అదీ చివరిది.

'ఎన్‌ఓసీ ఇచ్చినప్పుడు వాళ్లేం చూశారు?' అని కోపంగా రాశారు. ఆ కోపం కోర్టులో మిమ్మల్ని కాపాడదు. 59 మంది చనిపోయిన ఢిల్లీ ఉపహార్ థియేటర్ కేసులో 2011లో సుప్రీంకోర్టు పరిహారం బాధ్యత నుంచి మునిసిపల్ కార్పొరేషన్‌ను, లైసెన్సు ఇచ్చిన అధికారిని తప్పించి, 85 శాతం యాజమాన్యం మీద, 15 శాతం విద్యుత్ బోర్డు మీద వేసింది. క్రిమినల్ వైపు చూస్తే, నిర్లక్ష్యం వల్ల ప్రాణం పోతే పాత ఐపీసీ 304ఏ కింద గరిష్ఠంగా 2 ఏళ్ల జైలు ఉండేది, 2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత 106(1) కింద 5 ఏళ్ల దాకా పడవచ్చు. నోటీసు అందాక కూడా కదలలేదంటే నిర్లక్ష్యానికి అదే గట్టి సాక్ష్యం అవుతుంది. బీమా కంపెనీ కూడా ఆ నోటీసు కాపీనే ముందు పెట్టి క్లెయిము తిరస్కరించడానికి చూస్తుంది.

కాబట్టి గడువు లోపలే జవాబు ఇవ్వండి. ఫలానా డీలర్ దగ్గర ఫైర్ గ్లాస్ అని నమ్మి కొన్నామని, రుజువు సరిపోదని తెలిసిందని, మార్చడానికి కొటేషన్లు తీసుకున్నామని, ఫలానా తేదీకల్లా పూర్తి చేస్తామని రాయండి. కొటేషన్ల కాపీలు జత చేసి, గడువు పొడిగింపు కోరండి. జవాబు అందినట్టు ఆఫీసు ముద్ర వేయించుకోండి. మీ వివరణ వినకుండానే సీజ్ చేయబోతే హైకోర్టులో రిట్ వేసుకోవచ్చు, కానీ అక్కడా మొదట అడిగేది ఈ జవాబు కాపీనే. పాత అద్దాలు విప్పేటప్పుడు, ముద్ర, మందం, చానల్ స్పష్టంగా కనిపించేలా తేదీతో ఫోటోలు తీయించి, ఒకటి రెండు పలకలు పగలకుండా పక్కన పెట్టించండి. మధ్యవర్తి ముందు డీలర్ 'అది నేనిచ్చిన అద్దం కాదు' అంటే చూపించడానికి అవి కావాలి.